పాత కీబోర్డు ఒక ఆధారం: వాద్యాన్ని బాగుచేస్తూ చరిత్రను చదవడం

లక్ష్యాలు

ఈ వ్యాసం చదివిన తరువాత మీరు:
- ఒక ఎలక్ట్రానిక్ వాద్యాన్ని చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.
- తెలుగు సినిమా సంగీతంలో కీబోర్డు రాక వెనుక ఉన్న ఆర్థిక, సాంకేతిక కారణాలను వివరించగలుగుతారు.
- మరమ్మతు వల్ల ఆధారం ఎలా నిలుస్తుందో, ఎలా చెరిగిపోతుందో చెప్పగలుగుతారు.

పరిచయం

శాసనాలు, నాణేలు, తాళపత్రాలు చరిత్రకు ఆధారాలని మీకు తెలుసు. సమకాలీన చరిత్రకు వచ్చేసరికి ఆధారాలు మ్యూజియంలో కాక మన ఇంటి అటక మీదే ఉండవచ్చు. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, ఫిల్మ్‌నగర్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక వాద్యకారుని దగ్గరో మీకు పనిచేయని పాత కీబోర్డు ఒకటి చవకగా దొరికిందనుకుందాం. దాన్ని ఇంట్లోనే బాగుచేయాలని మీ కోరిక. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ వస్తువులో ఏయే సంగతులు దాగి ఉన్నాయి? నేను చేయబోయే పనివల్ల వాటిలో ఏవి పోతాయి? ఈ వ్యాసం చర్చించేది ఈ ప్రశ్ననే.

నేపథ్యం: మద్రాసు నుంచి జూబ్లీహిల్స్‌కు

తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులో పెరిగింది. అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్‌లో నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో ప్రారంభమైంది. 1980ల్లో పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. క్రమంగా ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ పరిశ్రమకు చిరునామా అయ్యాయి. అయితే చిత్రీకరణ ఇక్కడికి వచ్చినంత త్వరగా సంగీతం రాలేదు. వయొలిన్ బృందాలు, తబలా, వేణువు కళాకారులు, రికార్డింగ్ థియేటర్లు మద్రాసులోనే ఉండటంతో పాటల రికార్డింగు ఆ తరువాత కూడా చాలాకాలం అక్కడే జరిగింది.

సరిగ్గా ఈ దశాబ్దంలోనే వాద్యం మారింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ చౌనింగ్ 1967లో ఒక విషయం కనుగొన్నారు. ఒక ధ్వని తరంగంతో మరో తరంగపు పౌనఃపున్యాన్ని వేగంగా మారిస్తే గంట, పియానో, ఇత్తడి వాద్యాల వంటి సంక్లిష్టమైన నాదాలు పుడతాయి. ఈ పద్ధతిపై హక్కులు తీసుకున్న జపాన్ సంస్థ యమహా 1983లో డీఎక్స్7 అనే కీబోర్డును విడుదల చేసింది. దానికి 61 మెట్లు, ఒకేసారి 16 స్వరాలు పలికే శక్తి ఉన్నాయి. అదే సంవత్సరం వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి ప్రమాణం కూడా అమలులోకి వచ్చింది.

దీని ప్రభావం మన సంగీతంపైనా పడింది. ఎ.ఆర్. రెహమాన్ జీవితాన్ని గమనించండి. తండ్రి ఆర్.కె. శేఖర్ 1976లో మరణించాక, ఆయన వాద్యాలను అద్దెకిచ్చి ఆ కుటుంబం రోజులు గడిపింది. ఆ కుమారుడు కీబోర్డు వాద్యకారుడై ఇళయరాజా, రమేష్ నాయుడు, రాజ్-కోటి వంటి సంగీత దర్శకుల దగ్గర పనిచేశాడు. 1992లో ‘రోజా’తో తానే సంగీత దర్శకుడయ్యాడు. ఇంటిని నిలబెట్టేంత విలువైన ఆస్తి కాబట్టే అప్పట్లో పాడైన వాద్యాన్ని ఎవరూ పారేసేవారు కాదు, బాగుచేయించుకునేవారు.

వెనుక పలక చెప్పే సంగతి

ఇప్పుడు మీ కీబోర్డును తిప్పి వెనుక అతికించిన చిన్న పలకను చదవండి. మోడల్ పేరు, క్రమసంఖ్య, వోల్టేజి దానిమీద ఉంటాయి. మన ఇళ్లలో కరెంటు సుమారు 230 వోల్టులు. జపాన్‌లో 100, అమెరికాలో 120. పలక మీద 100 అని ఉంటే అది జపాన్ మార్కెట్టు కోసం తయారైనదని అర్థం. దాన్ని నేరుగా మన ప్లగ్గులో పెడితే ఫ్యూజు పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ఈ పలకకు దిగుమతి విధానంతో సంబంధం ఉంది. 1991కి ముందు మన దేశంలో గరిష్ఠ దిగుమతి సుంకం 300 శాతం దాటి ఉండేది. 1991 జులై బడ్జెట్టులో దాన్ని 150 శాతానికి, 1995 నాటికి 50 శాతానికి తగ్గించారు. ఇవి గరిష్ఠ రేట్లు మాత్రమే, ఒక్కో వస్తువుకు ఒక్కో రేటు ఉండేది. అయినా విదేశీ వాద్యం ఎందుకంత ఖరీదో, కొత్తది కొనలేనివారు పాతదాని కోసం ఎందుకు వెతికారో ఈ అంకెలు కొంత చెబుతాయి. ఒక జాగ్రత్త: వోల్టేజి వల్ల వాద్యం ఏ మార్కెట్టు కోసం తయారైందో తెలుస్తుంది గాని, ఎవరి చేతుల మీదుగా ఇక్కడికి వచ్చిందో తెలియదు. ఆధారం చెప్పినంతే మనం చెప్పాలి.

మూత తీశాక

ప్లగ్గు తీసేసి, కొంతసేపు ఆగి మూత విప్పండి. విద్యుత్ సరఫరా భాగంలోని పెద్ద కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా విద్యుత్తు నిలవ ఉంటుంది. ఆ భాగాన్ని అనుభవం ఉన్నవారికే వదిలేయండి.

లోపల చూడవలసినవి మూడు. మొదటిది, టంకం. యంత్రం వేసిన టంకం ఒకే తీరుగా ఉంటుంది. చేత్తో వేసింది కాస్త ఉబ్బుగా, చుట్టూ మరకతో కనిపిస్తుంది. అలాంటిచోట మీకంటే ముందే ఒక మెకానిక్ పనిచేశాడన్నమాట. రెండవది, మార్చిన విడిభాగాలు. మిగిలినవన్నీ జపాన్ కంపెనీలవై, ఒక్క కెపాసిటర్ మీద భారతీయ కంపెనీ పేరుంటే, ఆ మరమ్మతు మన దేశంలోనే జరిగి ఉండే అవకాశం ఎక్కువ. హైదరాబాదులో ఇటువంటి పనికి నేపథ్యం ఉంది. 1967లో ఇక్కడ స్థాపించిన ఈసీఐఎల్ టీవీలను కూడా తయారుచేసింది. వీధివీధినా రేడియో, టీవీ మరమ్మతు దుకాణాలు వెలిశాయి. విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఇప్పటికీ పేరున్న చోటు.

మూడవది అన్నిటికంటే ముఖ్యం: నాణెం ఆకారంలో ఉండే 3 వోల్టుల బ్యాటరీ. డీఎక్స్7లో కరెంటు లేనప్పుడు కూడా జ్ఞాపకాన్ని కాపాడేది ఇదే. ఆ జ్ఞాపకంలో 32 నాదాలు నిలవ ఉంటాయి. ఒక్కోదానికి 10 అక్షరాల పేరు పెట్టుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన నాదాలను వాద్యకారుడు తన అవసరానికి మార్చి, తన పేరుతో దాచుకునే వీలుంది. మొత్తం కలిపి 4,096 బైట్లే, అంటే మీ ఫోనులోని ఒక ఫొటో కంటే ఎంతో చిన్నది. బ్యాటరీ పీకిన క్షణంలో అదంతా చెరిగిపోతుంది.

ఏది ముందు, ఏది తరువాత?

కీబోర్డు వెలుగుతున్నట్లయితే ఈ వరుస పాటించండి.

1. ఏ భాగాన్నీ కదపకముందే పలకను, బోర్డులను, టంకం గుర్తులను ఫొటో తీయండి.
2. తెరపై కనిపించే 32 పేర్లను వరుసగా రాసుకోండి.
3. మిడి తీగతో కంప్యూటరుకు కలిపి నాదాల సమాచారాన్ని భద్రపరచండి.
4. అప్పుడే పాత బ్యాటరీని తీయండి. కొత్తదాన్ని నేరుగా టంకం పెట్టకుండా హోల్డరు బిగించండి.
5. భద్రపరచిన సమాచారాన్ని తిరిగి ఎక్కించండి.
6. తీసిన భాగాలను తేదీ రాసిన కవరులో దాచండి.

చాలామంది మెకానిక్కులు నాలుగవ పనితో మొదలుపెడతారు. వాద్యం పలుకుతుంది, కొన్నవారికి సంతోషం. కాని ఏ అజ్ఞాత వాద్యకారుడో నెలల తరబడి కూర్చుకున్న నాదాలు తిరిగి రాకుండా పోతాయి. సినిమా పేర్ల జాబితాలో సంగీత దర్శకుని పేరు ఉంటుంది. ఆయన వెనుక మెట్లు మీటినవారి పేర్లు చాలాసార్లు కనిపించవు. వారి పనికి మిగిలిన చేతిరాత వంటిది ఈ జ్ఞాపకమే.

పరిమితులు

వాద్యం ఒంటరి సాక్షి. మెట్ల అరుగుదల చూసి ఏ పాట వాయించారో చెప్పలేం. సినిమా బృందం నుంచి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాకు, అక్కడి నుంచి చర్చికి, ఆపై సంగీతం నేర్పే ఇంటికి చేరిన కీబోర్డులో చివరి యజమాని నాదాలే మిగిలి ఉండవచ్చు. అమ్మినవారు ‘ఫలానా పాట దీనిమీదే వాయించారు’ అంటే అది మౌఖిక ఆధారం. దాన్ని రాసుకోండి, అయితే పాటతోను, పేర్ల జాబితాతోను పోల్చకుండా నిర్ణయానికి రాకండి.

సారాంశం

1983లో వచ్చిన కొత్త వాద్యాలు, 1991 తరువాత తగ్గిన సుంకాలు, మద్రాసు నుంచి హైదరాబాదుకు సాగిన వలస, ఈ మూడూ ఒక పాత కీబోర్డులో కలుస్తాయి. 1999లో కంప్యూటరులోనే వాద్యాలు నడిపే వీఎస్‌టీ పద్ధతి వచ్చాక, పెద్ద కీబోర్డుల అవసరం క్రమంగా తగ్గింది. అందుకే అవి ఇప్పుడు అటకల మీదికి, సంతల్లోకి చేరుతున్నాయి. పాత బ్యాటరీలు ఒక్కొక్కటిగా చచ్చిపోతున్నాయి. తాళపత్రాన్ని చెదలు తినకముందే నకలు తీసినట్టు, వీటిలోని సమాచారాన్ని కూడా త్వరగా నకలు తీయాలి. ఆ పని విశ్వవిద్యాలయం కోసం ఆగనక్కరలేదు. ఇంట్లో కూర్చుని మీరే చేయవచ్చు.

అభ్యాసం

1. మీ ఇంట్లోని పాత రేడియో, టేప్‌రికార్డరు లేదా కీబోర్డు వెనుక పలకను పరిశీలించి, దాని నుంచి నిశ్చయంగా చెప్పగలిగినవి, ఊహించగలిగినవి వేర్వేరుగా రాయండి.
2. మీ ప్రాంతంలోని ఒక మరమ్మతు దుకాణదారుని అనుమతితో మాట్లాడి, గత 20 ఏళ్లలో తన పనిలో వచ్చిన మార్పులను ఒక పుటలో నమోదు చేయండి.
3. ‘మరమ్మతు ఆధారాన్ని కాపాడుతుంది, చెరిపేస్తుంది కూడా.’ చర్చించండి.