ఆదవాని ముట్టడియు కృష్ణాతీరపు హత్యయు

ఎమ్మిగనూరు నుండి ఆదోనికి పోవు త్రోవలో నల్లరేగడి పొలములు చాలదూరము సమతలముగా సాగి, పిమ్మట దిగంతమున బండరాళ్లతో నిండిన కొండలు కొన్ని పొడకట్టును. వలయముగా నిలిచిన ఆ యైదు కొండలలో బారాకిల్లా, తాలిబండ యను రెండును మిక్కిలి యెత్తైనవి. చుట్టునున్న మైదానమునుండి దాదాపు 800 అడుగుల యౌన్నత్యము గలవి. ఆ కొండలనే గోడలతో పెనవైచి పూర్వులు నిర్మించినది ఆదవాని దుర్గము. విజయనగర ప్రభువుల పాలనలో చిరకాలముండి, 1568లో బిజాపురపు ఆదిల్‌షాహీలకును, 1688లో ఔరంగజేబు సేనలకును, తరువాత నిజామునకును, 1786లో టిప్పుసుల్తానునకును చిక్కి, తుదకు 1800లో కుంఫిణీవారి వశమై, 1953 వరకు బళ్లారి జిల్లాలో నొక తాలూకాగా నుండి, ఆంధ్రరాష్ట్రావతరణముతో కర్నూలు జిల్లాలో చేరిన ఈ దుర్గముయొక్క చరిత్ర, సాధారణముగా ముట్టడుల చరిత్రగానే చెప్పబడుచున్నది. ఫిరంగులెన్ని, బురుజులెన్ని, ఎవరు ఎన్ని నెలలు నిలిచిరి యను లెక్కలతో ఆ కథ ముగియుచున్నది. కాని ఈ దుర్గము ముంగిట తిరిగిన ప్రభువులలో పలువురు ఫిరంగిదెబ్బకు కూలినవారు కారు. తమ గుడారములో, తమ విందులో, తమ ప్రార్థనామందిరములో, తమకు పరిచితులైనవారి చేతులలో నిహతులైరి. ఆ రెండవ చరిత్రయే నాకు ముఖ్యముగా తోచుచున్నది.

నేటి యువకులు యంత్రపు తెరల ముందు కూర్చుండి, వేర్వేరు ఊళ్లనుండి పదుగురు ఒక్కటిగా చేరి ఆడుకొను ఆటలలో, మధ్యయుగపు నగరము నొకదానిని రంగస్థలముగా గొని, గూఢవధను లక్ష్యముగా పెట్టుకొన్నవి కలవు. అంగడివీధులలో సంచరించు జనసమూహమున ఆటగాండ్రందరును సామాన్యుల వేషముతో కలిసిపోవుదురు. ప్రతివానికిని ఒక వధ్యుడు నిర్ణయింపబడును. వధ్యుని ముఖము తెలిసినను, అదే ముఖము గలవారు వీధినిండ మరికొందరు తిరుగుచుందురు గనుక, నడకలోని తొట్రుపాటును బట్టి యానవాలు పట్టవలెను. తొందరపడి పరుగెత్తినవాడు బయటపడును. గుంపులో నెమ్మదిగా నడచి, ఎదుటివాని యేమరుపాటుకై వేచినవాడు గెలుచును. అన్నిటికంటె ముఖ్యమైన నియమ మేమనగా, వేటాడువానిని సైతము వెనుకనుండి మరియొకడు వేటాడుచునే యుండును. దక్కను చరిత్రను శ్రద్ధతో చదివినవానికి ఈ నియమములలో నొక్కటియు క్రొత్తది కాదు.

వీనిని పూర్వమే శాస్త్రముగా వ్రాసినవాడు కౌటిల్యుడు. అర్థశాస్త్రమున తీక్ష్ణులనియు రసదులనియు గూఢపురుషులను విభజించి, ఆయుధముతో చంపువారి యుపాయములను, విషముతో చంపువారి యుపాయములను వేర్వేరుగా నిరూపించిన ఆ యాచార్యుడే, రాజు తన యంతఃపురమును ప్రవేశించుటకు ముందు తీసికొనవలసిన జాగ్రత్తలను చెప్పుచు, రాణిగృహమున దాగిన తమ్మునిచేత భద్రసేనుడును, తల్లి శయ్యక్రింద దాగిన కుమారునిచేత కారూశుడును, జడలో దాచిన శస్త్రముతో భార్యచేత విడూరథుడును హతులైరని యుదాహరించినాడు. ఆ పట్టికలో పరరాజు ఒక్కడును లేకపోవుట గమనింపదగినది.

ఇక ఆదవాని కథ. బహమనీ సింహాసనమును 1375లో అధిష్ఠించిన ముజాహిద్‌షా, భుజబలమునకు పేరెన్నికగన్న యువకుడు. తుంగభద్రయే ఉభయరాజ్యములకును ఎల్లగా నుండవలెనని విజయనగరమును కోరి, ఆ కోరిక తిరస్కరింపబడగా దండెత్తి, రాజధాని పరిసరములవరకు చొచ్చుకొనిపోయి, అది సాధింపలేక మరలివచ్చి, ఆదవానిని చుట్టుముట్టెను. ముట్టడి తొమ్మిది నెలలు సాగెనని ఫెరిష్టా వ్రాసినాడు. ఫెరిష్టా ఈ సంఘటనలకు రెండువందల యేండ్లకు పైబడిన తరువాత బిజాపురమున కూర్చుండి రచించినవాడు గనుక అతని సంఖ్యలను సందేహింపవచ్చునుగాని, ఈ ముట్టడి విఫలమైన విధమును అతడు చెప్పిన తీరు ఈ సీమ నెరిగినవారికి నమ్మదగినదిగానే తోచును. కొండపై నీరింకి, దుర్గవాసులు లొంగిపోవుటకు సిద్ధమైన సమయమున, ఘనముగా వాన కురిసి కోటలోని జలాశయములు నిండెను. ఆ వానయే క్రిందనున్న దండును చెరచెను. ధాన్యము దొరకక, అతిసారము ప్రబలి, సేన కృశించిపోయెను. వర్షాకాలమున రేగడిలో బండిచక్రము దిగబడినప్పుడు ఆదోని రైతు పడు పాటు చూచినవారికి, వేలకొలది గుఱ్ఱములును ఒంటెలును ఆ మంటిలో నెట్లు నిలిచెనో ఊహించుట కష్టముగాదు. గుల్బర్గానుండి వచ్చిన వృద్ధమంత్రి సైఫుద్దీన్ ఘోరీ, ఈ దుర్గము సులభముగా లొంగునది కాదనియు, ముందు కృష్ణాతుంగభద్రల నడిమి అంతర్వేదిలోని కోటలను వశపరచుకొనుట మేలనియు బోధింపగా, సుల్తాను సంధి చేసికొని వెనుదిరిగెను.

అప్పటికే అతని వెనుక ఇద్దరు నడుచుచుండిరి. మొదటివాడు పినతండ్రి దావూద్‌ఖాను. విజయనగరపు కనుమ నొకదానిని కాచుటకై నియమింపబడి, యుద్ధపుధ్వని విని తన స్థానమును విడిచి ముందుకురికి, శత్రువులు ఆ కనుమను ఆక్రమించుకొనుటకు కారకుడైనందున, సుల్తానుచేత పరుషముగా మందలింపబడినవాడు. రెండవవాడు మసూద్‌ఖాను. ఇతని తండ్రి ముబారకు పూర్వసుల్తానునకు అడపము పట్టిన సేవకుడు. ముజాహిద్ బాలుడుగా నుండగా తండ్రి ధనాగారమునుండి బంగారుసంచులు దొంగిలింపగా, ఆ సంగతి ముబారకు ప్రభువునకు విన్నవించెను. కొరడాదెబ్బలు తిన్న రాకుమారుడు కోపమును దిగమ్రింగి, స్నేహము నటించి, కొన్నినాళ్లకు అతనిని కుస్తీకి పిలిచి, మెడ విరుగునట్లు పడద్రోసి చంపెను. తండ్రిని పోగొట్టుకొన్న కుమారుడు ఆ దినమునుండి సేవకుల గుంపులో తలవంచుకొని నిలిచి, వేచియుండెను. నాకు ఈ కథలో మిక్కిలి భయంకరమైన భాగము ఇదియే: ఇంత పగ గలవానిని సుల్తాను తన గుడారపు గడపవరకు రానిచ్చుట.

దండు తుంగభద్రను దాటిన పిమ్మట ముజాహిద్ సేనలను మంత్రికి అప్పగించి, కొలదిమంది పరివారముతో ముద్గల్లు ప్రాంతమున వేటకు బయలుదేరెను. అతని వెంట నున్న సఫ్దర్‌ఖాను, ఆజమ్ హుమాయూను అను సేనానులిద్దరు దావూదు మనస్సు నెరిగినవారో, సహజముగనే జాగరూకులో, రాత్రింబవళ్లు ప్రభువును కనిపెట్టియుండిరి. అవకాశము చిక్కక దావూదు ఊరకుండెను. అంతలో సుల్తానే ఆ కావలివారిద్దరిని తమ తమ రాష్ట్రములకు పొమ్మని యాజ్ఞాపించెను. ఆజ్ఞను మీరలేక వారు వెడలిపోయిరి. కృష్ణను దాటి, ఆ తీరమున చేపలు పట్టుచు దినమంతయు గడపిన ముజాహిద్, కన్నులు నొప్పిచేయగా, పెందలకడనే డేరాలోనికి పోయి పరుండెను. 1378 ఏప్రిలు మాసమున ఆ రాత్రి, దావూదును మసూదును మరికొందరును లోపల ప్రవేశించునప్పటికి, అచట నొక నపుంసక సేవకుడును, ప్రభువు పాదములొత్తుచున్న యొక హబ్షీ బాలుడును మాత్రమే యుండిరి. బాలుడు నిరాయుధుడు. కేకవేసి అడ్డము వచ్చిన వానిని మసూదు నరికెను. మేల్కొని లేచుచున్న సుల్తానును దావూదు కటారితో పొడిచెను. తొమ్మిది నెలలు ఆదవాని బాణములకు, రాళ్లకు ఎదురుగా నిలిచిన దేహము ఒక గుడారపు పరదా చాటున కూలిపోయెను. ఆ హబ్షీ బాలుని పేరు చరిత్రకారుడు వ్రాయలేదు. ఆ రాత్రి తన కర్తవ్యమును నెరవేర్చినవాడు అతడొక్కడే.

దావూదు గుల్బర్గాలో పట్టాభిషిక్తుడయ్యెను. కాని ముజాహిద్ సోదరి రూహ్ పర్వర్ ఆగా అంతఃపురమున నుండి మౌనముగా ఏర్పాట్లు చేసికొనుచుండెను. తన సోదరుని చంపినవానిని ఆమె బహిరంగముగా నిందింపలేదు, సైన్యమును పురికొల్పలేదు. కృతజ్ఞుడైన యొక యోధుని ఎన్నుకొని, శుక్రవారపు నమాజునకు మసీదులో సమావేశమైన జనులలో అతనిని నిలిపెను. ముప్పదియైదు దినములు మాత్రమే రాజ్యము చేసిన దావూదు సాష్టాంగపడి ప్రార్థించుచుండగా, వెనుక నిలిచిన ఆ యోధుడు ఖడ్గముతో కొట్టెను. కొట్టినవాడును అచటనే వధింపబడెను. ఆ తరువాత ఆమె చేసిన పని మరింత గణనీయమైనది. దావూదు కుమారుని పక్షమును నిరసించి, రెండవ మహమ్మద్‌షాను సింహాసనమెక్కించెను. ఆ శాంతిప్రియుడు 1397 వరకు దాదాపు ఇరువదియేండ్లు యుద్ధములకు దూరముగా రాజ్యమేలెను. దావూదు పసికుమారుని కన్నులు తీయించిన క్రౌర్యమును నేను సమర్థింపజాలను. అయినను అనుభవజ్ఞులైన సేనానులు కాపాడలేకపోయిన రాజ్యమును నిలిపినది ఆ స్త్రీ బుద్ధియే యనుటలో సందేహములేదు.

మహమ్మద్‌షా గతించిన మరుసటి యేడే, 1398లో, విజయనగరసేన కృష్ణ దక్షిణతీరమున విడిసియుండగా, ఉత్తరతీరమున బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా వరదపొంగును చూచుచు దాటజాలక నిలిచియుండెను. సిరాజ్ అను ఖాజీ యొకడు ఏడుగురు సహచరులతో ఫకీరువేషమున ఆవలియొడ్డు చేరి, శిబిరమున వేశ్యావాటికను ఆశ్రయించి, ఒక నర్తకిపై మోహము నటించి, ఆమె యొద్ద తన గానవాద్యనైపుణ్యమును ప్రదర్శించి, విజయనగర రాకుమారుని కొలువునకు ఆమె వెంట ప్రవేశము సంపాదించెను. నగ్నఖడ్గములతో నాట్యమాడుట ఆనాటి వినోదములలో నొకటి. నాట్యము చేయుచు చేయుచు సమీపించి రాకుమారుని వక్షమున కటారులు దింపిరి; దీపములార్పిరి. చీకటిలో ఎవరు ఎవరిని కొట్టుచున్నారో తెలియక శిబిరము కల్లోలపడుచుండగా, పుట్టులలో నదిని దాటివచ్చిన ఫిరోజ్ సేన మిగిలినపని పూర్తిచేసెను. ఈ వృత్తాంతమును గొప్ప సాహసముగా వర్ణించిన చరిత్రకారులు కలరు. కళను చూచి ఆనందించుటకు కూర్చున్నవానిని కళచేతనే చంపుట నాకు సాహసముగా తోచదు.

విజయనగరమునందును ఈ విద్య తక్కువది కాదు. పారసీక రాయబారి అబ్దుర్ రజాకు, 1442–43 నాటి విషయమును వ్రాయుచు, రెండవ దేవరాయల సోదరుడు నూతనగృహప్రవేశ మనునెపమున ప్రముఖులను విందునకు పిలిచి, భేరీలను మ్రోగించి, ఆ ధ్వనిలో ఆర్తనాదములు వినబడకుండ ఒక్కొక్కరిని లోపలికి పిలిపించి చంపించెననియు, పిమ్మట రాయల యొద్దకు స్వయముగా పోయి పొడిచెననియు తెలిపినాడు. సింహాసనము వెనుక పడిపోయిన రాయలు చనిపోయెనని తలచి ఆ సోదరుడు తన విజయమును చాటుకొనుచుండగా, రాయలు లేచి జనులకు కనబడెను, ఘాతకుడు హతుడయ్యెను. అతడు ఇంకొక్క క్షణము నిలిచి చూచియున్నచో దక్షిణదేశచరిత్ర మరియొక విధముగా నుండెడిది.

ఈ క్రీడనుండి స్వయముగా తప్పుకొన్నవాడు ఒక్కడు ఆదవానిలోనే మనకు కనబడుచున్నాడు. బిజాపురమున ప్రభుత్వము నడపుచుండిన ఖవాస్‌ఖానును బహలోల్‌ఖాను బంధించి 1676లో చంపించిన పిమ్మట, బహలోలును గతింపగా, ప్రభుత్వభారము వహించిన సిద్ది మసూదు, ఆ దర్బారులోని పరస్పరవైరములను కొన్నియేండ్లు సహించి, 1683లో పదవిని విడిచి తన ఆదవానికి తిరిగివచ్చెను. పట్టణమునందలి సుందరమైన జామియా మసీదు అతని కాలమునాటిదే. ఎమ్మిగనూరునకు ఉత్తరముగా తుంగభద్రాతీరమున నున్న మంచాల, నేటి మంత్రాలయము, రాఘవేంద్రస్వామికి అతడిచ్చిన దానమేనని ఈ సీమలో పరంపరగా చెప్పుకొందురు. దర్బారును విడిచివచ్చినవానికి యుద్ధము తప్పలేదు. 1688లో మొగలుసేనలకు కోటను అప్పగింపవలసివచ్చెను. కాని కటారి అతని దరికి రాలేదు.

మరల ఈ చక్రము తిరిగినది నిజాముల్ముల్కు 1748లో మరణించిన పిదప. ఆదవాని జాగీరును అనుభవించుచుండిన దౌహిత్రుడు ముజఫర్‌జంగునకును, కుమారుడు నాసిర్‌జంగునకును వైరము పుట్టెను. 1750 డిసెంబరులో చెంజి సమీపమున, తన పక్షమువారేయని నమ్మి కడప కర్నూలు నవాబులను పలుకరింపబోయిన నాసిర్‌జంగు, ఎదుటి యేనుగుపైనుండి పేలిన తుపాకికి బలియయ్యెను. ముజఫర్‌జంగు నవాబుల తోడ్పాటుతో పదవి పొందెను. రెండునెలలైనను తిరుగకముందే, 1751 ఫిబ్రవరిలో, కడపసీమలో ఆ నవాబులతోనే కలహించి కర్నూలు నవాబు ఈటెపోటుకు మరణించెను. పొడిచిన నవాబును ఆ పెనుగులాటలోనే ప్రాణములు కోల్పోయెను. నిజాము జ్యేష్ఠపుత్రుడు గాజీయుద్దీను 1752లో ఔరంగాబాదున విషాన్నముచేత గతించెనందురు. ముజఫర్‌జంగు తరువాత పదవికి వచ్చిన మరియొక పుత్రుడు సలాబత్‌జంగు, తన సోదరుడు నిజాం అలీ చేతిలో పదభ్రష్టుడై, 1763లో బీదరు చెరలో మరణించెను. అది సహజమరణము కాదని లోకమంతయు తలచెను.

ఇందరు సోదరులలో బసాలత్‌జంగు ఆదవానిని తన జాగీరుగా నిలుపుకొని, ఫ్రెంచివారితోను, ఆంగ్లేయులతోను, హైదరలీతోను, సోదరుడు నిజాం అలీతోను సమయానుసారముగా మెలగుచు, ఎవరిని పూర్తిగా నమ్మక, ఎవరికిని పూర్తిగా శత్రువుగాక, 1782 వరకు జీవించెను. చరిత్రగ్రంథములు అతనిని అస్థిరచిత్తుడని తేలికచేయుచున్నవి. అతని యన్నదమ్ములు పోయిన విధములను వరుసగా చదివినవారు ఆ మాట అంత సులభముగా అనజాలరు. అతని సమాధి ఆదోనిలోనే కలదు. నాలుగేండ్ల తరువాత టిప్పుసుల్తాను వచ్చి, పగటివేళ ఫిరంగులు మోహరించి, బసాలత్‌జంగు కుమారుని యధీనమందలి కోటను ముట్టడించెను; నిజాము సేనలు వచ్చి అంతఃపురస్త్రీలను సురక్షితముగా తరలించుకొని పోయిన పిదప దుర్గమును పట్టుకొని, దాని ప్రాకారములను పడగొట్టించెను.