టీ నీళ్ల కింది నిప్పు

లీటరు నీళ్లు 30 డిగ్రీల నుంచి మరుగు దాకా రావాలంటే 70 కిలోకాలరీల వేడి కావాలి. కట్టెల పొయ్యి మీద పెట్టినా, గ్యాసు మీద పెట్టినా, కరెంటు కెటిల్‌లో పోసినా ఈ లెక్క మారదు. మారేవి మూడే: అంత వేడి కోసం ఎంత ఇంధనం తగలెయ్యాలి, ఆ ఇంధనాన్ని ఎవరు మోసుకురావాలి, పొగా బూడిదా ఎవరి పాలవుతాయి. ఇంట్లో టీ నీళ్లు కాచే పద్ధతుల చరిత్రను ఈ మూడు ప్రశ్నలతో చదివితే చాలా సంగతులు తేటపడతాయి. అలా చదవడానికి నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం చక్కగా సరిపోతుంది. సరుగుడు తోటలు, ఒకప్పుడు కట్టెల పడవలు నడిచిన బకింగ్‌హాం కాలువ, బొగ్గు ఓడలు ఆగే రేవు, ఆ బొగ్గుతో నీళ్లు కాచి కరెంటు తీసే కేంద్రాలు, అన్నీ ముత్తుకూరు మండలం చుట్టుపక్కలే కనిపిస్తాయి. మన వంటింటి నిప్పును మార్చడంలో అన్నం కంటే టీ పాత్రే పెద్దదని నా వాదన. ఆ మార్పు ప్రతిసారీ నిప్పును వంటగదికి కొంత దూరం జరిపింది. నిప్పు బరువు మాత్రం ఎక్కడా తీరిపోలేదు, ఒకరి భుజం మీంచి మరొకరి భుజం మీదికి మారింది.

పాత పొయ్యి అన్నం కోసం పుట్టిన పొయ్యి. నెల్లూరు వరి పండే జిల్లా. ఇక్కడి ఇంట్లో నిప్పుకు రెండు వేళలు ఉండేవి, పొద్దున ఒకటి, మాపటేళ ఒకటి. సరుగుడు పుల్లలు, తాటి మట్టలు, పిడకలు, ఏది చేతికందితే అది పొయ్యిలోకి పోయేది. వంట కాగానే మిగిలిన నిప్పుల మీద బూడిద కప్పేవారు. మళ్లీ కావాలంటే ఆ బూడిద తోసి ఊదేవారు, అదీ ఆరిపోతే పక్కింటికి వెళ్లి పిడక మీద నిప్పు తెచ్చుకునేవారు. నివురుగప్పిన నిప్పు అన్న మాట మనకు దక్కింది ఆ అలవాటు నుంచే. అంటే పాత వంటింట్లో నిప్పు అడిగినప్పుడు వచ్చేది కాదు, దాచుకుని కాపాడుకోవలసిన వస్తువు. పైగా మూడు రాళ్ల పొయ్యిలో పుట్టిన వేడిలో గిన్నెకు చేరేది నూటికి పది, పదిహేను పాళ్లే. ఆ లెక్కన లీటరు నీళ్లు కాగడానికి దాదాపు 150 గ్రాముల ఎండు కట్టె కావాలి. దూరాన ఉన్నవారి పొయ్యికి ఇంధనం పంపడం కూడా ఈ తీరానికి కొత్త కాదు. 1878లో బకింగ్‌హాం పేరు పెట్టుకున్న కాలువ మీద ఈ ప్రాంతపు సరుగుడు కట్టెలు, శ్రీహరికోట అడవి కట్టెలు పడవల్లో మద్రాసు వంటిళ్లకు పోయేవి. నిప్పు ఒకచోట, దాని కోసం చెట్టు కొట్టేవారు మరోచోట ఉండడం కరెంటుతో మొదలు కాలేదని గుర్తుంచుకోవాలి.

టీ ఈ ఇళ్లకు తనంతట తాను రాలేదు. అమ్మకందారులు పట్టుబట్టి తెచ్చారు. భారతదేశంలో టీ వాడకం పెంచడానికి 1903లోనే టీ మీద ప్రత్యేక సుంకం వేసి ఒక కమిటీని ఏర్పాటు చేశారు. 1930లలో ప్రపంచ మాంద్యం వచ్చి విదేశీ బజారులో ధర పడిపోయాక తోటల యజమానులు దేశంలోపలి గొంతుల వైపు గట్టిగా చూశారు. బళ్ల మీద ఊరూరా తిరిగి, నీళ్లు ఎలా మరగబెట్టాలో, ఆకు ఎంతసేపు నాననివ్వాలో చేసి చూపించి, ఊరికే తాగించారు. రేకు బోర్డుల మీద అంచెలంచెలుగా బొమ్మలు వేసి నేర్పారు. జనం ఆ పాఠంలో సగమే విన్నారు. ఆకును వేరే పాత్రలో నాననివ్వకుండా నీళ్లు, పాలు, చక్కెర, పొడి కలిపి ఒకే గిన్నెలో మరిగించడం మనవాళ్ల పద్ధతయింది. 1930లో అస్సాంలో మొదలైన సీటీసీ పద్ధతిలో తయారయ్యే సన్నటి గట్టి పొడి ఆ మరుగుకు బాగా కుదిరింది. కొద్దిపాటి పొడితో చిక్కటి రంగు దిగుతుంది కాబట్టి పేద ఇంటికీ అందింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. నెల్లూరు మద్రాసుకు దగ్గర, ఇక్కడ ముందొచ్చింది కాఫీ, వంటింటిని మార్చిన ఘనత దానిది కాదా అని. కాఫీ ముందొచ్చిన మాట నిజం. దాని కోసం చాలా ఇళ్లలో బొగ్గుల కుంపటి వెలిగిన మాటా నిజం. కానీ కాఫీ చాలాకాలం గింజలు కొని, వేయించి, పొడి కొట్టించుకోగల ఇళ్లకే పరిమితమైంది. తెల్లవారకముందే వేటకు పోయే మత్స్యకారుడి ఇంటికీ, ఉప్పు మడుల్లో పనికి పోయే కూలీ ఇంటికీ చేరింది టీయే. ఈ రెండు పానీయాలు కలిసి వంటింటిని అడిగింది మాత్రం ఒకటే: చిన్న నిప్పు కావాలి, వెంటనే కావాలి, పని కాగానే ఆరిపోవాలి, మధ్యాహ్నం చుట్టం వస్తే మళ్లీ వెలగాలి. రెండు వేళల పొయ్యి దీనికి సిద్ధంగా లేదు. నాలుగు గ్లాసుల నీళ్ల కోసం పొయ్యంతా రాజేసి, గదంతా పొగ చేసి, ఆ తర్వాత కట్టె ఊరికే కాలిపోతుంటే చూడవలసి వచ్చేది.

ఆ కోరికకు దొరికిన మొదటి గట్టి జవాబు కిరసనాయిలు స్టవ్వు. స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1892లో చేసిన ప్రైమస్ స్టవ్వు పంపుతో గాలి కొట్టి, కిరసనాయిలును ఆవిరిగా మార్చి, నీలిమంటతో మండిస్తుంది. తర్వాత చవకగా ఒత్తుల స్టవ్వులు వచ్చాయి. అగ్గిపుల్ల గీస్తే మంట, తిప్పితే ఆరిపోవడం. నిప్పును కాపాడుకునే పని తొలిసారిగా తప్పింది. బరువు మాత్రం జాగా మారింది. అడవికి పోయే నడక తగ్గి రేషన్ దుకాణం ముందు వరస పెరిగింది. ఇంటి ఇంధనం పరాయి దేశపు చమురు ధరతో ముడిపడింది. అంతకంటే ఘోరమైనది మరొకటి ఉంది. స్టవ్వు పేలి గృహిణి మృతి అన్న వార్త దశాబ్దాల పాటు మన పత్రికల్లో మామూలైపోయింది. వాటిలో కొన్ని నిజంగా ప్రమాదాలే. కొన్ని మాత్రం కట్నం హత్యలకు కప్పిన ముసుగులు. 1983లో 498ఎ, 1986లో 304బి సెక్షన్లు శిక్షాస్మృతిలోకి రావడం వెనుక ఆ కాలిన శరీరాలున్నాయి. పొయ్యిల చరిత్ర రాసేవారు ఈ పుట దాటవేయకూడదు.

కట్టెల పొయ్యినే బాగుచేసి ఉంటే సరిపోయేది కదా అని అడగవచ్చు. ఆ ప్రయత్నం మన దగ్గరే, పెద్ద మనసుతో జరిగింది. హైదరాబాద్ ఇంజినీరింగ్ రిసెర్చ్ లేబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని రూపొందించి, 1953లో కోట్లాది ఇళ్లకు పొగలేని వంటగది ఎలా సాధ్యమో పుస్తకం రాశారు. మూడు దశాబ్దాల తర్వాత కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టి 2002 దాకా నడిపింది. కట్టిన పొయ్యిల్లో చాలా పగిలాయి, గొట్టాలు మూసుకుపోయాయి, మరమ్మతు చేసే దిక్కు లేకపోయింది. ఇవి అందరూ చెప్పే కారణాలే. నేను మరొకటి చేరుస్తాను. దళసరి మట్టి పొయ్యి ముందు తాను వేడెక్కాలి, ఆ తర్వాతే గిన్నెకు వేడినిస్తుంది. గంటసేపు సాగే వంటకు అది నష్టం కాదు, పది నిమిషాల టీకి నష్టమే. అంటే ఆ మెరుగంతా అన్నం నిప్పుకు చేసిన మెరుగు. అప్పటికే ఇల్లు రోజూ ముందుగా అడుగుతున్నది టీ నిప్పును.

గ్యాసు ఆ నిప్పును సంపూర్ణంగా ఇచ్చింది. 1955లో బొంబాయిలో అమ్మకాలు మొదలైనా, 1965లో ఇండేన్ కలకత్తాలో తొలి కనెక్షన్ ఇచ్చినా, చాలాకాలం అది పట్నపు జీతగాళ్ల సౌకర్యంగానే మిగిలింది. పల్లె గడపకు అది వచ్చిన దారిలో నెల్లూరుకు ప్రత్యేక స్థానం ఉంది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న దూబగుంట ఆడవాళ్లు సారా అంగడిని ఎదిరించిన ఉద్యమం 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. అదే ఊపులో జిల్లాలో రోజుకో రూపాయి దాచే పొదుపు సంఘాలు వెలిశాయి. 1999 జులైలో రాష్ట్ర ప్రభుత్వం దీపం పథకం ప్రారంభించి, డిపాజిట్టు తాను కట్టి గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది డ్వాక్రా పొదుపు సంఘాల మహిళలకే. 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్వలకూ, 2024 నవంబరులో ఏటా మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తూ మొదలైన దీపం రెండో విడతకూ దారి వేసింది ఆ పని. పొయ్యిని మార్చే హక్కు తనదని ఆడది చెప్పగలగడానికి ముందు ఒక సంఘం కావలసి వచ్చింది.

నా వాదనకు బలమైన ఆక్షేపణ ఇక్కడే ఉంది. ఇంట్లో ఇంధనం ఎక్కువగా పోయేది అన్నానికీ, స్నానం నీళ్లకూ. టీ వాటా కొంచెమే, అంత కొంచెం వంటింటిని ఎలా మారుస్తుంది? గ్యాసు వచ్చిన పల్లె ఇళ్లను చూస్తే సమాధానం దొరుకుతుంది. సిలిండరు ఖర్చుకు వెరచి చాలా ఇళ్లు కట్టెల పొయ్యినీ అట్టే పెట్టుకుంటాయి. అన్నం, వేడినీళ్లు పెరట్లో కట్టెల మీద. టీ, పిల్లల పాలు, కూర వేడిచేయడం లోపల గ్యాసు మీద. కొత్త నిప్పు ముందుగా కుదురుకునేది చిన్న పనిలో. అక్కడ చెయ్యి అలవాటు పడ్డాకే పెద్ద గిన్నె వెనక వస్తుంది. ఆ చిన్న అడుగు విలువ చిన్నది కాదు. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లె వంటగదుల్లో గాలిని కొలిచిన కల్పనా బాలకృష్ణన్ బృందం 2004లో ఫలితాలు ప్రకటించింది. గ్యాసు వాడే ఇళ్లలో 24 గంటల సగటున ఘనమీటరు గాలిలో సన్నటి ధూళి 73 మైక్రోగ్రాములు ఉండగా, కట్టెలూ పిడకలూ వాడేచోట అది 732 దాకా పోయింది. పదింతలు. పాత పొయ్యి రుచిని తలచుకుని మురిసేవారు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని ఆలోచించాలి.

ఇక కరెంటు. చుట్టల తీగ హీటరు, బకెట్లో ముంచే కడ్డీ, ఇండక్షన్ స్టవ్వు, కెటిల్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కెటిల్ తీసుకున్న కరెంటులో నూటికి 85 పాళ్లకు పైగా నీళ్లకే చేరుతుంది. లీటరుకు పదో వంతు యూనిట్ చాలు. పొగ లేదు, మసి లేదు, మంటే లేదు. ఆ మంట ఎటుపోయిందంటే జవాబు కృష్ణపట్నం పక్కనే నేలటూరులో ఉంది. అక్కడి దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు. మొదటి రెండూ 2015లో, మూడోది 2023 నాటికి ఉత్పత్తిలోకి వచ్చాయి. దాని 2,400 మెగావాట్లు ఒకేసారి 16 లక్షల కెటిళ్లను నడపగలవు. అక్కడ జరిగేదీ నీళ్లు కాచడమే. 218 రెట్ల వాయుపీడనానికి మించిన ఒత్తిడిలో నీళ్లు బుడగలు కట్టకుండానే ఆవిరిగా మారి చక్రాన్ని తిప్పుతాయి. బొగ్గు వేడిలో కరెంటయ్యేది 40 పాళ్ల లోపే, తీగల్లో ఇంకొంత పోతుంది. మన దేశపు బొగ్గయితే లీటరు టీ నీళ్లకు సుమారు 60 గ్రాములు కాలి, అందులో మూడో వంతు బూడిదవుతుంది. 150 గ్రాముల కట్టె మిగిల్చేది రెండు మూడు గ్రాముల బూడిద, అదీ అంట్లు తోమడానికి పనికొచ్చేది. కెటిల్ బూడిద దాదాపు 20 గ్రాములు, అది మన కంట పడకుండా తీరపు ఊళ్ల పక్కన బూడిద చెరువులో చేరుతుంది.

అలాగని కట్టెలకు తిరిగి పొమ్మనడం నా ఉద్దేశం కాదు. వంటగదిలో పొగ ఊదేది ఒక మనిషి మొహం మీద, రెండడుగుల దూరం నుంచి, రోజూ. విద్యుత్ కేంద్రం పొగ ఒకే గొట్టంలోంచి వస్తుంది. దాన్ని పట్టవచ్చు, వడకట్టవచ్చు, కొలవవచ్చు, జవాబు అడగవచ్చు. లక్ష పొయ్యిలను ఎవరూ తనిఖీ చేయలేరు, ఒక కేంద్రాన్ని చేయగలరు. నిప్పు దూరం జరగడం మంచికేనని నేను నమ్మేది ఇందుకే. ఆ తనిఖీ నిజంగా జరిగితేనే ఈ వాదన నిలుస్తుంది. బూడిదను ఇటుకలకూ సిమెంటుకూ వాడాలని కేంద్ర పర్యావరణ శాఖ తొలి ఉత్తర్వు ఇచ్చింది 1999లో. మొత్తం బూడిదనూ వాడి తీరాలని 2021లో మళ్లీ చెప్పవలసి వచ్చింది. గంధకపు పొగకు 2015లో పెట్టిన హద్దుల గడువు పదేపదే వాయిదా పడింది. ఇంటి కప్పు మీద సౌరఫలకాలు వచ్చాయి కదా అంటే, తెలుగింటి మొదటి టీ సూర్యుడికంటే ముందు కాగుతుంది. ఆ వేళకు బ్యాటరీ లేని ఇల్లు బొగ్గు కరెంటు వైపే చూస్తుంది.

కాబట్టి ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు నా తీర్పు ఇది. ఇంట్లో ఆడదాని ఊపిరిని కాపాడే పద్ధతి ఏదైనా కట్టెల పొగ కంటే మేలు, అందులో వెనక్కి పోకూడదు. అయితే మనం వంటింట్లోంచి పంపేసిన నిప్పు ఇప్పుడు ఎవరి ఊరి పక్కన మండుతోందో వారికి మనం బాకీ ఉన్నాం. బూడిద ఎగరకుండా చూడమని, పొగ గొట్టానికి వడపోత పెట్టమని, తీరంలో గాలినీ నీళ్లనూ కొలిచిన అంకెలు ఊరి పంచాయతీ గోడ మీద రాయమని అడగడం ఆ ఊరివాళ్ల పని మాత్రమే కాదు, కెటిల్ మీట నొక్కే ప్రతి ఇంటి పని. నీళ్లకు కావలసినది ఇప్పటికీ లీటరుకు 70 కిలోకాలరీలే.