ట్రియో 650కు జతపడిన జీపీఎస్ రిసీవరు

2004లో పామ్‌వన్ సంస్థ విడుదల చేసిన ట్రియో 650 ఫోనులో జీపీఎస్ లేదు. కావలసినవారు బ్లూటూత్ రిసీవరును విడిగా కొని, టామ్‌టామ్ పటాలను మెమరీ కార్డులో ఎక్కించుకొనేవారు. ఈ రిసీవరును కేవలం ఫోను లోటును పూడ్చిన అనుబంధంగా చూడటం సరికాదు. స్థాననిర్ణయమంతా అదే చేసేది. ఫోను ఆ ఫలితాన్ని పటంపై చూపేది. రెండింటి మధ్య సమాచారం సాధారణంగా ఎన్‌ఎంఇఎ 0183 ప్రమాణంలో నడిచేది. నిజానికి అది నౌకల్లోని పరికరాల కోసం రూపొందిన ప్రమాణం! పౌరులకందే ఉపగ్రహ సంకేతాలలో ఉద్దేశపూర్వకంగా కలుపుతున్న దోషాన్ని అమెరికా ప్రభుత్వం 2000 మే నెలలో నిలిపివేసింది. లేకుంటే సుమారు 100 మీటర్ల తేడాతో వీధి మలుపులను చూపడం కష్టమయ్యేది. రిసీవరుకు సొంత బ్యాటరీ, సొంత మీట ఉండేవి. దానిని ఆపివేస్తే ఉపగ్రహాల ద్వారా స్థానం తెలుసుకొనే మార్గం ఫోనుకు ఉండేది కాదు. 2007లో వచ్చిన నోకియా ఎన్95 వంటి ఫోన్లలో రిసీవరు లోపలికి చేరింది. ఆ మీట తెరమీది ఒక ఎంపికగా మారింది.