బంట్ కొట్టి వదిలేసిన బ్యాట్

సాఫ్ట్‌బాల్‌లో బంట్ అంటే బంతిని బాదకుండా, బ్యాట్‌ను అడ్డంగా పట్టుకొని మెల్లగా తాకించి ముందర పడేయడం. బంతి నాలుగడుగులు దొర్లేలోపల బ్యాటర్ మొదటి బేస్‌కు ఉరకాలి. మా క్లాసులో దీన్ని "కొట్టడం రానోళ్ల పని" అని నవ్వుతారు. నేను మాత్రం దీని చరిత్ర చదివాక అలా అనుకోవడం లేదు. ఇంత చిన్న దెబ్బను అదుపులో పెట్టడానికి పెద్దవాళ్లు ఎన్నిసార్లు నియమాలు మార్చారో చూడండి.

బంట్ సాఫ్ట్‌బాల్ కంటే పాతది, బేస్‌బాల్ నుంచి వచ్చింది. అమెరికాలో 1860ల్లో బ్రూక్లిన్ అట్లాంటిక్స్ జట్టులో డిక్కీ పియర్స్ అనే ఆటగాడు ఉండేవాడు. మనిషి అయిదడుగుల చిల్లర. దూరం కొట్టే బలం లేకపోయినా బుర్ర ఉంది. బంట్ మొదలుపెట్టింది ఆయనేనని చెబుతారు. అప్పటి నియమం ప్రకారం బంతి మొదట ఎక్కడ నేలను తాకితే అదే లెక్క. రెండు గీతల లోపల పడితే ఫెయిర్, బయట పడితే ఫౌల్. అందుకని లోపల ఒక్కసారి తాకి, గిర్రున తిరిగి గీత బయటికి పోయేలా కొట్టేవాళ్లు. ఫీల్డర్ బయటికి పరుగెత్తి దాన్ని పట్టుకొచ్చేలోపల బ్యాటర్ బేస్ మీద నిలబడి ఉండేవాడు.

ఈ విద్యలో అందరికన్నా ఆరితేరినవాడు షికాగో జట్టు రాస్ బార్న్స్. 1876లో, అంటే నేషనల్ లీగ్ మొదటి ఏడాదిలోనే, అతని బ్యాటింగ్ సగటు .429. మరుసటి ఏడు నియమం మార్చేశారు. మొదటి బేస్‌నో మూడో బేస్‌నో దాటకముందే బంతి గీత బయటికి పోతే ఇక ఫౌల్. 1877లో బార్న్స్ సగటు .272కి పడిపోయింది. పాపం, ఆ ఏడు అతనికి జబ్బు కూడా చేసింది కాబట్టి తప్పంతా నియమం మీదికే నెట్టకూడదు.

ఆటగాళ్లు ఊరుకుంటారా? అప్పట్లో ఫౌల్ కొడితే స్ట్రైక్ లెక్క పెట్టేవాళ్లు కాదు. నచ్చిన బంతి వచ్చేదాకా కావాలనే బంట్‌తో ఫౌల్ మీద ఫౌల్ కొడుతూ పిచర్‌ను అలసిపోయేలా చేసేవాళ్లు. దానికి తోడు 1885లో బ్యాట్‌కు ఒక పక్క చదునుగా ఉండవచ్చని ఒప్పుకున్నారు, దానితో బంట్ ఇంకా తేలికైంది. 1893లో బ్యాట్ గుండ్రంగానే ఉండాలన్నారు. 1894లో బంట్ ఫౌల్ అయితే స్ట్రైకే అన్నారు. మామూలు ఫౌల్‌ను స్ట్రైక్‌గా లెక్కపెట్టడం నేషనల్ లీగ్‌లో 1901లో గాని రాలేదు. అంటే బంట్‌కే ముందు శిక్ష పడింది! ఇప్పటికీ రెండు స్ట్రైకుల తర్వాత మామూలు ఫౌల్ కొడితే ఇంకో అవకాశం ఉంటుంది, బంట్ ఫౌల్ అయితే అవుట్.

సాఫ్ట్‌బాల్ 1887లో షికాగోలో ఒక బోట్ క్లబ్ గదిలో పుట్టింది. ముడి వేసిన బాక్సింగ్ గ్లవ్ బంతి, చీపురు కర్ర బ్యాట్. జార్జ్ హాన్‌కాక్ నేల మీద సుద్దతో గీతలు గీశాడు. గదిలో పుట్టింది కాబట్టి మైదానం చిన్నది. బేస్‌బాల్‌లో బేస్‌ల మధ్య 90 అడుగులుంటే ఇక్కడ 60 అడుగులే. అందుకే బంట్‌కు ఇక్కడ విలువ ఎక్కువ. నెమ్మదిగా బంతి వేసే స్లో పిచ్ రకంలో అయితే బంట్‌కు అసలు అనుమతే లేదు, కొడితే అవుట్.

ఇప్పుడు బ్యాట్ సంగతి. బంట్ కొట్టి ఉరికేటప్పుడు బ్యాట్‌ను వదిలేస్తాం. బంతి కూడా దగ్గరలోనే మెల్లగా దొర్లుతుంటుంది. రెండూ తగిలితే? గీతల లోపల, కదులుతున్న బ్యాట్ వచ్చి బంతిని రెండోసారి తాకితే బ్యాటర్ అవుట్. బ్యాట్ నేల మీద ఊరికే పడి ఉండగా బంతే దొర్లుకుంటూ వచ్చి తాకితే, బ్యాటర్ కావాలని అడ్డం వేయలేదని అంపైర్‌కు అనిపిస్తే, ఆట సాగుతుంది. బ్యాటర్ ఇంకా తన గడిలో, బ్యాట్ చేతిలో ఉండగానే రెండోసారి తగిలితే ఫౌల్. గీత బయట పడి ఉన్న బ్యాట్‌కు బంతి బయటే తగిలినా ఫౌలే. అప్పటికే రెండు స్ట్రైకులు ఉంటే ఆ ఫౌల్‌తో అవుట్ అన్నమాట. బ్యాట్ ఒక జానెడు ఇటు పడిందా అటు పడిందా అన్నదాని మీద ఆట మారిపోతుంది.

పోయిన సంవత్సరం ఒక పోటీలో మా బడి అమ్మాయి బంట్ కొట్టింది. బ్యాట్ గీతల లోపల కదలకుండా పడి ఉంది. బంతి వచ్చి దానికి తగిలి ఆగింది. అంపైర్ అవుట్ ఇచ్చారు. ఆమె కావాలనే అక్కడ వేసినట్టు ఆయనకు కనిపించిందేమో, ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. అడగడానికి నియమం తెలియాలి కదా! నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉంది, అది కూడా మా దగ్గర లేదు. తర్వాత సార్ తెప్పిస్తే, డిక్షనరీ పక్కన పెట్టుకొని ఆ ఒక్క పేరా తెలుగులో రాసుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. అవుట్ అని అరిచేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మనసులో ఉద్దేశం ఏమిటో కూడా చూడమని అందులో రాసి ఉండటం నాకు బాగా నచ్చింది.

మన షోలాపూర్‌లో తాతలు చిర్రగోనె అనీ, మరాఠీ దోస్తులు విటీదాండు అనీ అంటారే, అందులో కూడా కర్ర ఎక్కడ పెట్టామన్నది ముఖ్యమే. చిర్రను కొట్టాక గోనెను గుంత మీద అడ్డంగా పెడతాం. అవతలివాడు చిర్రను విసిరి దానికి తగిలిస్తే మనం అవుట్. అక్కడ కర్రను కావాలనే పెడతాం, తగలడమే ఆట. సాఫ్ట్‌బాల్‌లో కావాలని పెడితేనే నేరం. ఇది చెబితే మా తాత "మరి కర్రను ఎక్కడ పెట్టాలె బిడ్డా?" అని అడిగాడు.

ఇప్పుడు సార్ మైదానంలో బ్యాటర్ గడి వెనక సుద్దతో చిన్న గుండ్రం గీశారు. బంట్ కొట్టాక బ్యాట్‌ను అందులోనే వదిలి ఉరకమంటారు. తొందరలో పదిసార్లకు నాలుగుసార్లు బయటే పడుతోంది.