సరుకు చేరిందా?

బొమ్మలకొలువులో మిలిటరీ లారీకి చోటుందా, లేదా? ఇదీ దసరా సెలవుల్లో ఏర్పేడులో మా చిన్నమ్మ ఇంట్లో పుట్టిన తగువు. పై మెట్టు మీద దశావతారాలు. ఆ కింద చిన్నమ్మ పెళ్ళినాటి తిరుపతి ఎర్రచందనపు బొమ్మల జంట. ఆ కింద కొండపల్లి అంబారీ ఏనుగు. అట్టడుగు మెట్టు దగ్గర, మా తమ్ముడి కొడుకు తెచ్చి నిలబెట్టిన ఆకుపచ్చ లారీ. మూరెడు పొడవు, ఆరు చక్రాలు, వెనక గుడ్డ టాపు. చేతిలో పెట్టె పట్టుకుని మీట తిప్పితే చాలు, ముట్టుకోకుండానే నడుస్తుంది.

"దేవుళ్ళ మధ్య యుద్ధం బండి ఏందిరా?" అంది చిన్నమ్మ.

"దుర్గమ్మ చేతుల్లో ఉండేవి గరిటెలా అవ్వా?" అన్నాడు వాడు.

చిన్నమ్మ నోరు మూతపడింది. వాలుకుర్చీలో పేపరు చదువుతున్న చిన్నాయన మాత్రం కళ్ళజోడు సవరించుకుని ఆ లారీ వంకే చూస్తూ ఉండిపోయారు.

చిన్నాయన పద్దెనిమిదేళ్ళు సైన్యంలో లారీ తోలారు. 1974లో చేరి 1992లో ఇంటికొచ్చేశారు. చిన్నప్పుడు మేమంతా చుట్టూ చేరి, "ఎంతమందిని కాల్చినావు చిన్నాయనా?" అని అడిగేవాళ్ళం. "నేను కాల్చలేదు, లారీ తోలినా" అనేవారు. అంతే, మేం లేచిపోయి వేరే ఆట చూసుకునేవాళ్ళం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పెద్దయ్యాక నేను చేసిందీ అదే. నా నవలల్లో సిపాయిలున్నారు, కల్నళ్ళున్నారు. ఒక్క లారీ డ్రైవరూ లేడు.

ఆ పూట పిల్లవాడు లారీని వాకిట్లోకి దించి, "ఎట్లుంది తాతా, చెప్పు" అని పెట్టె ఆయన చేతికిచ్చాడు. రెండేళ్ళుగా చేతులు వణుకుతున్నాయని చిన్నమ్మ ఆయన్ని మోపెడ్ కూడా ముట్టుకోనివ్వడం లేదు. దీనికి మాత్రం అడ్డు చెప్పలేదు.

పిల్లవాడు బొమ్మని ఎంత వేగంగా పరిగెత్తుతుందో చూస్తాడు గదా. చిన్నాయన మొదట చూసింది, ఎట్లా ఆగుతుందో. "పోయేది ఏ బండైనా పోతాది. ఆగేది చూడల్లా ముందు" అన్నారు. ఆ మాట విని చిన్నమ్మ మొహం తిప్పుకుంది. 2017 ఏప్రిల్లో ఈ ఊళ్ళోనే, పోలీస్ స్టేషన్ ముందు, అదుపు తప్పిన లారీ జనం మీదికి దూసుకొచ్చి పదిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఇసుక తవ్వకాల మీద మొర పెట్టుకోవడానికి వచ్చిన రైతులు వాళ్ళు. ఏర్పేడులో లారీ ఆగడం గురించి మాట్లాడితే అది ఉత్తమాట కాదు.

రెండోది నిమ్మకాయ పరీక్ష. ఆయుధపూజకి బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టడం ఆచారం గనక చిన్నమ్మే తెచ్చి పెట్టింది. పెద్ద లారీ అయితే నిమ్మకాయ పచ్చడే. ఇది ఎక్కబోయింది, నిమ్మకాయ దొర్లి తులసికోట కిందికి పోయింది. అందరం నవ్వాం గానీ, అందులో ఒక లెక్క ఉంది. ఈ బొమ్మ అసలు లారీలో పదహారో వంతు. పొడవులో పదహారో వంతంటే వెడల్పులోనూ ఎత్తులోనూ అంతే. కాబట్టి బరువు పదహారో వంతు కాదు, 16ని మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చే 4096వ వంతు. ఏడు టన్నుల లారీని ఈ కొలతకి కుదిస్తే కిలో ముప్పావు కూడా తూగదన్నమాట. నిమ్మకాయకి భయమెందుకు? వేగానికీ ఇలాంటి లెక్కే. బొమ్మ గంటకి 5 కిలోమీటర్లు పోతే, చూసే కంటికి 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. అందుకే పిల్లలు తోలితే బొమ్మలా గెంతుతుంది. చిన్నాయన నిదానంగా తోలితే, గుంట దగ్గర ముందు చక్రాలు దిగి, నడిమివి దిగి, వెనకవి దిగి, అచ్చం లారీలాగే ఒళ్ళు విరుచుకుంటూ పోయింది.

ఈ ముట్టుకోకుండా నడిపే విద్య ఎక్కడ పుట్టిందా అని నాకు ఆసక్తి కలిగింది. మన దేశంలోనే, 1895లో కలకత్తా టౌన్‌హాల్లో, జగదీశ్ చంద్ర బోసు కంటికి కనపడని తరంగాలతో దూరాన ఉన్న గంట మోగించి, తుపాకీమందు పేల్చి చూపించారు. మూడేళ్ళకి, 1898లో, న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా నీళ్ళతొట్టిలో ఒక చిన్న పడవ వదిలాడు. దూరాన నిలబడి మీట కదిపితే పడవ తిరిగేది, దాని దీపాలు వెలిగేవి. లోపల తర్ఫీదు ఇచ్చిన కోతి దాక్కుందని కూడా జనం అనుకున్నారట! ఆ ఏడే అమెరికాకీ స్పెయిన్‌కీ యుద్ధం. ఆ పడవ పేటెంటులో టెస్లా రెండు మాటలు రాసుకున్నాడు. ఇది ఎంత ఘోరమైన ఆయుధం కాగలదంటే, దానికి జడిసి దేశాలు శాంతిగా ఉంటాయన్నది ఒకటి. దీంతో ఉత్తరాలూ, మూటలూ, తిండి సామగ్రీ చేరవేయవచ్చునన్నది రెండోది.

లోకం మొదటిమాటలో ఆయుధాన్ని పట్టుకుంది, శాంతిని వదిలేసింది. 1939-40 చలికాలంలో ఫిన్లండ్‌తో జరిగిన యుద్ధంలో సోవియట్ సైన్యం మనిషి లేని టాంకుల్ని, వెనక ఇంకో టాంకులో కూర్చుని రేడియోతో నడిపింది. అర కిలోమీటరు నుంచి కిలోమీటరున్నర దాకా వాటి మీద అదుపు ఉండేదట. ఆ తరంగాలే పిల్లల చేతికి దిగిరావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 1966లో ఇటలీవాళ్ళు రేడియోతో నడిచే ఫెరారీ బొమ్మకారు అమ్మారు. జపానులో 1946లో కలప కోసి అమ్మే కంపెనీగా మొదలైన టమియా, కర్రబొమ్మల మీదుగా ప్లాస్టిక్ బొమ్మలకి వచ్చి, 1974లో రేడియో టాంకునీ, 1976లో రేడియో కారునీ తెచ్చింది. కర్రబొమ్మల ఇంట పుట్టినదే గనక, ఎర్రచందనపు జంట పక్కన ఈ లారీకి చుట్టరికం ఉన్నట్టే!

చూశారా, టాంకు, కారు, టాంకు. చరిత్రలోనూ బొమ్మల కొట్టులోనూ ముందు వరస వాటిదే. లారీ సంగతి ఎవరు రాశారు?

రాయవలసింది చాలానే ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా జి.ఎం.సి. కంపెనీ చేసిన రెండున్నర టన్నుల ఆరు చక్రాల లారీలు అయిదు లక్షలకు పైమాటే. 1944లో ఫ్రాన్సులో మిత్రసైన్యం ఎంత వేగంగా ముందుకు పోయిందంటే, పెట్రోలూ తిండీ వెనకబడిపోయాయి. టాంకులు ఎండిన కుండల్లా నిలబడ్డాయి. అప్పుడు ఆగస్టు 25 నుంచి నవంబరు 16 దాకా, పగలూ రాత్రీ ఒకే దారిన లారీలు తిప్పారు. దాని పేరు రెడ్‌బాల్ ఎక్స్‌ప్రెస్. దాదాపు ఆరువేల లారీలు, జోరుగా ఉన్న రోజుల్లో రోజుకి 12,500 టన్నుల సరుకు. తోలినవాళ్ళలో నూటికి డెబ్బయి అయిదుమంది నల్లవాళ్ళు. తుపాకీ పట్టే చోట తమ పక్కన నిలబెట్టుకోవడానికి ఇష్టపడని సైన్యం, తన ఆకలి మాత్రం వాళ్ళ చేతుల్లో పెట్టింది.

మన సంగతి? 1962లో చైనా యుద్ధం నాడు నామ్కా చూ వాగు ఒడ్డున మన సిపాయిలున్న చోటికి లారీ పోయే దారే లేదు. విమానాల నుంచి జారవిడిచిన మూటల్లో చాలా భాగం అడవుల్లోనూ లోయల్లోనూ పడి చేతికి దక్కలేదు. ధైర్యం లేక కాదు, సరుకు చేరక ఓడిన చోట్లున్నాయి. అంతకు మూడేళ్ళ ముందే, 1959లో, జర్మనీ ఎం.ఏ.ఎన్. కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్ సర్కారీ ఫ్యాక్టరీలో శక్తిమాన్ లారీలు మొదలయ్యాయి. 1996 దాకా తయారయ్యాయి. మరుసటేడే టీవీలో అదే పేరుతో ఎర్రబట్టల వీరుడు ఎగురుతూ వచ్చాడు. "నేను తోలింది శక్తిమాన్" అని చిన్నాయన అంటే, మా తమ్ముడు "ఎగిరేదా?" అని అడిగాడు పాపం!

ఆ సంగతి గుర్తుచేస్తే చిన్నాయన నవ్వి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి చెప్పడం మొదలుపెట్టారు. శ్రీనగర్ నుంచి లేహ్ పోయే దారిలో జోజీలా కనుమ ఉంది, తిరుమల కంటే దాదాపు నాలుగింతల ఎత్తు. ఆ రోజుల్లో ఏడాదిలో సగం మంచు. తెరిచిన ఆ కొద్ది నెలల్లోనే చలికాలానికి సరిపడా గోధుమపిండీ, కిరసనాయిలూ, పప్పూ కొండ ఎక్కించాల్సి వచ్చేది.

"పక్కన లోయ. రోడ్డు ఒక లారీకే సరిపోతాది. ముందు బండి ఎర్రదీపం చూసుకుంటా పోవల్ల. పైన పిల్లోళ్ళు ఉంటారు మే, ఇరవై ఏండ్లోళ్ళు. మనం పోకుంటే వాళ్ళకి పొయ్యి వెలగదు. చేరినంక సుబేదారు ఒకే మాట అడుగుతాడు, సరుకు చేరిందా అని. నువ్వు చేరినావా అని అడగడు."

"తప్పుగా అనిపించేది కాదా చిన్నాయనా?"

"తప్పేముండాది? సరుకు చేరిందంటే నేనూ చేరినట్టే గదా."

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ చిన్నమ్మ ఆ మాట విన్నది. ఆమె పెళ్ళయిన నలభై ఏళ్ళలో, అన్నం బాగుందా అని అడిగినవాళ్ళున్నారు గానీ నువ్వు తిన్నావా అని అడిగినవాళ్ళు తక్కువే. ఆమె ఏమీ అనలేదు. లోపలికిపోయి ఒక సంచీ తెచ్చింది. దగ్గరే ఉన్న పాపానాయుడుపేట నుంచి తెప్పించుకున్న గాజుపూసలు. తరతరాలుగా అక్కడ కొలిమి ముందు కూర్చుని గాజుని గొట్టంలా లాగి తుంచి చేసేవి. పేరంటానికి వచ్చే పిల్లలకి పంచుదామని దాచింది.

"మీ లారీ అంత గొప్పదయితే, ఇవి ఎదురింటి పాపకి చేర్చమను. పసుపూ కుంకుమా కూడా పెడతా ఉండా."

టాపు తీసి వెనక పూసల పొట్లం, తాంబూలం సర్దాం. పెట్టె మళ్ళీ చిన్నాయన చేతికివ్వబోతే, ఆయన నా వంక చూపించారు.

"నువ్వు తోలు మే. నేను పక్కన కూర్చుంటా."

నా చిన్నతనంలో ఆడపిల్లలకి లక్కపిడతలు, మగపిల్లలకి మోటారుబొమ్మలు. నలభై అయిదేళ్ళకి మొదటిసారి ఆ మీట పట్టుకున్నాను. వాకిటి ముగ్గు తప్పించాను. కాలవ మీది రాతిపలక దగ్గర వెనక చక్రం ఒకటి గాలిలో తేలింది. "బ్రేకు. ఆగు. ఇప్పుడు నిదానంగా" అన్నారు చిన్నాయన. మిగతా అయిదు చక్రాలూ పట్టుకున్నాయి. లారీ పలక ఎక్కి, సందు దాటి, ఎదురింటి మెట్టు ముందు ఆగింది. పాప బయటికి వచ్చి పొట్లం తీసుకుని కేరింతలు కొట్టింది.

వెనక నుంచి చిన్నమ్మ గొంతు వినపడింది.

"సరుకు చేరిందా?"

"చేరింది" అన్నారు చిన్నాయన. తర్వాత కాస్సేపు ఆగి, "నువ్వు తిన్నావా?" అని అడిగారు.

ఆ రాత్రి లారీ కొలువులోనే పడుకుంది, అంబారీ ఏనుగు పక్కన.