కథల్లోని ఆ ఊరు, మా కొండలు

పొలాలు పచ్చగా ఉంటాయి. ఊరివాళ్లు కొత్తగా వచ్చినవాణ్ని ఆదరంగా పిలిచి అన్నం పెడతారు. ఆ పంట ఏ నెత్తురు తాగి పండుతోందో చివర్లో బయటపడుతుంది. ఇలాంటి భయానక కథలూ సినిమాలూ మన పిల్లలు ఫోన్లలో చూస్తూనే ఉన్నారు. 1948లో అమెరికా రచయిత్రి షర్లీ జాక్సన్ 'ది లాటరీ' కథ రాస్తే, ఆ ఊరెక్కడో చెప్పండి, వెళ్లి చూస్తామని కొందరు పాఠకులు ఉత్తరాలు రాశారని ఆమే చెప్పారు. ఆ ఊరు కల్పితం. అయితే ఇలాంటి కథలకు ముడిసరుకు అందించిన ఒక పేరున్న పుస్తకంలో మా కోదుల కొండలున్నాయి. ఆ సంగతి మన పిల్లలకు తెలియాలనే ఈ వ్యాసం.

ఆ పుస్తకం జేమ్స్ ఫ్రేజర్ రాసిన 'ది గోల్డెన్ బౌ'. మొదటి ముద్రణ 1890. పంట కోసం మనుషుల్ని బలిచ్చిన ఆచారాల గురించి చెబుతూ ఆయన గంజాం కొండల 'మెరియా' బలిని వివరంగా రాశారు. ఆయన ఈ కొండలు చూసినవారు కారు. 1973 నాటి 'ది వికర్ మాన్' సినిమా తీసినవాళ్లు ఆ పుస్తకం చదివే, ఆపిల్ కాపు తప్పిన ఒక స్కాట్లండ్ దీవిని ఊహించారు.

మెరియా జరగలేదని మేం అనం. జరిగింది. భూదేవికి నెత్తురు అందకపోతే పసుపుకు ఎర్రదనం రాదని మా పెద్దలు చెప్పినట్టు నాటి అధికారులు రాసుకున్నారు. బలి మాంసం ముక్కల్ని పొలాల్లో పాతేవారు. దీన్ని దాచి గొప్పలు చెప్పుకోవడం మాకిష్టం లేదు.

కానీ అది ఎలా రికార్డులకెక్కిందో చూడాలి. 1835లో గుంసూరు రాజు కంపెనీకి కప్పం బాకీ పడి కొండలెక్కాడు. సైన్యం వెంటబడింది. ఊళ్లు తగలబెట్టింది, మనవాళ్లను ఉరితీసింది. మెరియా సంగతి తెల్లవాళ్ల చెవిన గట్టిగా పడింది ఆ దండయాత్రలోనే. బలిని ఆపడానికి 1845లో ప్రత్యేక ఏజెన్సీ పెట్టారు. దాన్ని నడిపిన మాక్‌ఫర్సన్, కాంప్‌బెల్ అనే ఇద్దరు దొరలకు పడేది కాదు. ఘనత ఎవరిదన్న పేచీ వాళ్ల పుస్తకాల దాకా వెళ్లింది. కాంప్‌బెల్ పుస్తకం 1864లో, మాక్‌ఫర్సన్ చనిపోయాక ఆయన తమ్ముడు కూర్చిన పుస్తకం 1865లో వచ్చాయి. మా గురించి ప్రపంచం చదివింది ఎక్కువగా వీళ్ల రాతలే.

ఆ రాతల్లోనే ఉండి కథల్లోకి ఎక్కని సంగతులు రెండు. కోదులందరూ నరబలి ఇచ్చేవారు కారని, దాన్ని అసహ్యించుకునే కొండలూ ఉన్నాయని మాక్‌ఫర్సనే రాశాడు. రెండోది ఇంకా ముఖ్యం. మెరియాను డబ్బిచ్చి కొనాలి. దళారులు మైదానంలో పిల్లల్ని ఎత్తుకొచ్చో, కరువులో కన్నవాళ్ల దగ్గర కొనో కొండకు తెచ్చేవారు. అంటే ఆ చీకటి రహస్యం ఒక్క కొండ ఊరిది కాదు. కింద సంతల్లో అమ్మినవాళ్లకూ అది తెలుసు. సినిమాల్లో మాత్రం డప్పులు, పుర్రెలు, ఆకులు కట్టుకున్న మనుషులు, అంతే. అమ్మినవాడి ముఖం ఎక్కడా కనిపించదు.

ఏజెన్సీ 1861లో ముగిసింది. 1,500 మందికి పైగా మెరియాలను విడిపించారు. పిల్లల్లో కొందరిని మిషన్ బడులకు పంపారు, పెద్దవాళ్లలో కొందరికి భూమి చూపించి సాగు చేసుకోమన్నారు. కొండల్లో మనిషి స్థానంలోకి దున్నపోతు వచ్చింది.

బలికి వాడిన ఒక కొయ్యస్తంభాన్ని బాలిగూడ ప్రాంతం నుంచి మద్రాసు మ్యూజియానికి చేర్చారు. పైభాగం ఏనుగు తొండంలా ఉంటుంది. చెన్నై వెళ్లే మన విద్యార్థులు దాన్ని అడిగి చూడాలి. దాని ముందు నిలబడినప్పుడు కట్టినవాళ్లతో పాటు కట్టించుకున్న ఆ బిడ్డనూ, ఆ బిడ్డకు ధర కట్టినవాణ్నీ తలచుకోవాలి.