బ్రేక్ క్యూ
పూల్ ఆటలో, బల్లపై పేర్చిన బంతులను తొలి దెబ్బతో చెదరగొట్టడానికి వాడే ప్రత్యేకమైన కర్రను బ్రేక్ క్యూ అంటారు. ఈ బలమైన దెబ్బలకు మామూలు తోలు టిప్పు నలిగి ఆకారం చెడుతుంది. దానిని కాపాడుకోవడానికే చాలామంది ఆటగాళ్ళు రెండవ క్యూ ఉంచుకుంటారు.

మెత్తని టిప్పు నొక్కుకుపోయి దెబ్బలోని శక్తి కొంత వృథా అవుతుంది. గట్టి తోలు టిప్పుతోను, అంతకన్నా గట్టిదైన ఫినాలిక్ రెసిన్ టిప్పుతోను బంతికి ఎక్కువ వేగం వస్తుంది. (పూల్ బంతులను చేసేదీ ఈ రెసిన్‌తోనే.) అయితే ఫినాలిక్ టిప్పుకు సుద్ద సరిగా పట్టదు, బంతి మధ్యకు దూరంగా తగిలితే జారిపోతుంది. పోటీలలో వాడే ముందు నిర్వాహకుల నియమాలు చూసుకోవాలి. వరల్డ్ పూల్-బిలియర్డ్ అసోసియేషన్ నియమాల ప్రకారం టిప్పు వెడల్పు 14 మి.మీ. మించరాదు.

షాఫ్టు ఎంపిక ఇంతకన్నా సూక్ష్మమైనది. టిప్పు మధ్యకు ఒక పక్కగా తగిలితే, బంతి కర్ర చూపిన దిశలో పోక కొంచెం రెండవ పక్కకు తొలగుతుంది. ఆనించిన చేయి టిప్పుకు తగిన దూరంలో ఉంటే, కర్ర పక్కకు తిరగడంవల్ల వచ్చిన తప్పును ఈ తొలగుడు చాలావరకు సరిచేస్తుంది. ముందుభాగం తేలికైన షాఫ్టుకు ఈ దూరం ఎక్కువ, బరువైనదానికి తక్కువ. కాబట్టి బ్రేక్‌లో చేతిని దూరంగా ఆనించేవారికి తేలిక షాఫ్టు నప్పుతుంది.